2,628 గజాలా, 2,850 గజాలా? కాలేజీ ఫుట్‌బాల్‌లో గొప్ప రన్నింగ్ బ్యాక్‌ల లెక్క

2024 డిసెంబర్ 31న అరిజోనాలోని గ్లెండేల్‌లో ఫియెస్టా బౌల్ మొదలయ్యే సమయానికి బోయిసీ స్టేట్ యూనివర్సిటీ కుర్రాడు ఆష్టన్ జెంటీ ఖాతాలో 2,497 గజాలు ఉన్నాయి. ఇంకో 132 గజాలు పరుగెత్తితే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒకే సీజన్‌లో అత్యధిక గజాల రికార్డు అతనిదే. అప్పటికి 36 ఏళ్లుగా ఆ రికార్డు బ్యారీ శాండర్స్ పేరు మీద ఉంది: 1988లో 2,628 గజాలు. అయితే పెన్ స్టేట్ డిఫెన్స్ ఆ రోజు జెంటీని కదలనివ్వలేదు. 30 సార్లు బంతి అందుకున్నా వచ్చినవి 104 గజాలే. జట్టు 31-14తో ఓడింది. రికార్డు 27 గజాల దూరంలో ఆగిపోయింది.

ఆ వారమంతా అందరూ చెప్పుకున్న లెక్క ఇదే. కానీ 1988లో శాండర్స్ నిజంగా పరుగెత్తింది 2,850 గజాలు. చివరి 222 గజాలు శాన్ డియాగోలో జరిగిన హాలిడే బౌల్‌లో వచ్చాయి. అవి రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. సీజన్ ముగిశాక జరిగే బౌల్ ఆటలు సరదా పోటీల కిందే లెక్క అని కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ చాలాకాలం భావించింది. 2002 నుంచే వాటి అంకెలను కలపడం మొదలుపెట్టింది, పాత ఆటగాళ్ల లెక్కలను మాత్రం సరిచేయలేదు. అంటే జెంటీకి 14వ ఆటలో వచ్చిన గజాలు లెక్కలోకి వచ్చాయి, శాండర్స్‌కి 12వ ఆటలో వచ్చినవి రాలేదు. ఇద్దరి మధ్య అసలు తేడా 27 కాదు, 249 గజాలు.

గొప్ప రన్నింగ్ బ్యాక్ ఎవరన్న చర్చ ఎప్పుడు వచ్చినా ఇలాంటి చిక్కే ఎదురవుతుంది. ఏ ఆటలు లెక్కలోకి వస్తాయి, మొదటి ఏడాది విద్యార్థిని ఆడనిస్తారా, నల్లజాతి ఆటగాడికి జట్టులో చోటుందా, కోచ్ బంతిని ఎవరి చేతికి ఇవ్వాలనుకున్నాడు అనే నాలుగు విషయాలను పక్కన పెట్టి పట్టిక చదివితే తప్పు జవాబే వస్తుంది.

ఆట తెలియని వారి కోసం రెండు ముక్కలు. దాడి చేసే జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలి జట్టుకి పోతుంది. బంతిని ముందుకు తీసుకెళ్లడానికి రెండు దారులు. క్వార్టర్‌బ్యాక్ దాన్ని విసిరి మరొకరికి అందించడం ఒకటి, రన్నింగ్ బ్యాక్ చేతిలో పెడితే అతను మనుషుల గోడ మధ్యలోంచి దూరి పరుగెత్తడం రెండోది. ఒక్కో ప్రయత్నానికి సగటున ఐదు గజాలు తెచ్చేవాడు మంచి ఆటగాడు. ఏడు దాటితే అసాధారణం. ఓహైయో స్టేట్, టెక్సస్ లాంటి యూనివర్సిటీల్లో చదివిన మన పిల్లలకు శనివారం వస్తే క్యాంపస్ మొత్తం ఈ ఆట చుట్టూ ఎలా తిరుగుతుందో తెలిసే ఉంటుంది. లక్ష మంది పట్టే స్టేడియాలు ప్రొఫెషనల్ జట్లకు కాదు, ఈ కాలేజీలకే ఉన్నాయి.

ఎన్‌సీఏఏ అధికారిక గణాంకాలు మొదలైంది 1937లో. అంతకు ముందు ఆడినవారు ఎంత గొప్పవారైనా పట్టికల్లో కనిపించరు. జిమ్ థోర్ప్ కనిపించడు. ఏటా అత్యుత్తమ కాలేజీ ఆటగాడికి ఓటింగు పెట్టి ఇచ్చే హైస్మన్ ట్రోఫీని 1935లో మొట్టమొదట గెలిచిన షికాగో యూనివర్సిటీ ఆటగాడు జే బెర్‌వాంగర్ కనిపించడు. (అతను గెలిచినప్పుడు ట్రోఫీకి ఇంకా ఆ పేరు లేదు. మరుసటి ఏడాది ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే తొలి డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక కూడా అతనే, కానీ ఒక్క ప్రొఫెషనల్ ఆట కూడా ఆడలేదు.) రెడ్ గ్రేంజ్ సైతం కనిపించడు.

గ్రేంజ్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1924 అక్టోబర్ 18న ఇల్లినాయ్ యూనివర్సిటీ తన కొత్త మెమోరియల్ స్టేడియాన్ని అంకితం చేసే ఆట. ప్రత్యర్థి మిషిగన్. 1922, 1923 సీజన్లలో ఒక్కసారి కూడా ఓడని జట్టు. మిషిగన్ తన్నిన మొదటి బంతినే గ్రేంజ్ అందుకుని 95 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతితో అవతలి గోల్ గీత దాటాడు. ఆ తర్వాత 67 గజాలు, 56 గజాలు, 44 గజాలు. ఆట మొదలై పన్నెండు నిమిషాలు గడవకముందే నాలుగు టచ్‌డౌన్లు. కాసేపు విశ్రాంతి తీసుకుని వచ్చి అయిదోది చేశాడు, ఆరోది తానే బంతి విసిరి చేయించాడు. చివరికి 39-14. వేసవి సెలవుల్లో ఊళ్లో ఇంటింటికీ ఐసు దిమ్మలు మోసిన కుర్రాడు ఒక్క మధ్యాహ్నంలో దేశమంతా తెలిసిన పేరయ్యాడు. మరుసటి ఏడాది చివరి కాలేజీ ఆట ముగిసీ ముగియగానే షికాగో బేర్స్‌లో చేరాడు. అప్పటికి పెద్దగా ఎవరూ పట్టించుకోని ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు జనం కట్టడం అతనితోనే మొదలైంది. ఇంత చేసినవాడు అధికారిక పట్టికల్లో సున్నా.

1940ల్లో సైనిక అకాడమీ జట్టు ఆర్మీది మరో రకం కథ. డాక్ బ్లాంచర్డ్ మధ్యలోంచి బలంగా దూసుకెళ్లేవాడు, గ్లెన్ డేవిస్ అంచుల వెంట వేగంగా జారిపోయేవాడు. 1945లో హైస్మన్ బ్లాంచర్డ్‌కి, 1946లో డేవిస్‌కి దక్కింది. ఇద్దరూ కలిసి ఆడిన మూడేళ్లలో ఆర్మీ 27 ఆటలు గెలిచింది, ఒకటి డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు. 1945లో డేవిస్ సగటు ఒక్కో పరుగుకి 11.5 గజాలు. ఈ అంకె చూసి ఎవరైనా కళ్లు తేలేస్తారు. కాకపోతే ఆ ఏడాది అతను బంతి పట్టింది 82 సార్లే. అదీగాక యుద్ధం వల్ల చాలా కాలేజీల జట్లు ఖాళీ అయిపోగా, మంచి ఆటగాళ్లంతా సైనిక అకాడమీల్లో పోగయ్యారు. డేవిస్ వేగాన్ని ఎవరూ కాదనలేరు. ఎదురుగా ఉన్నది ఎలాంటి డిఫెన్స్ అన్నది మాత్రం ఆ 11.5లో కనిపించదు.

తర్వాత వచ్చినవాడు జిమ్ బ్రౌన్. సిరక్యూస్ యూనివర్సిటీలో చేరినప్పుడు అతనికి ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ కూడా లేదు. మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టుకి ఆడకూడదన్న నిబంధన అప్పుడు అమల్లో ఉండేది కాబట్టి దొరికింది మూడేళ్లే. సబ్‌స్టిట్యూట్లపై కట్టడి ఉన్న రోజులు కావడంతో దాడిలో పరుగెత్తినవాడే డిఫెన్స్‌లోనూ నిలబడాలి. బ్రౌన్ ఆ రెండూ చేశాడు, టచ్‌డౌన్ తర్వాత అదనపు పాయింటు కోసం బంతిని తన్నే పని కూడా అతనిదే. 1956 నవంబర్‌లో కోల్గేట్ మీద ఆరు టచ్‌డౌన్లు చేసి, ఏడు అదనపు పాయింట్లు తన్ని, ఒక్కడే 43 పాయింట్లు సంపాదించాడు. ఆ సీజన్‌లో ఎనిమిది ఆటల్లో 986 గజాలు.

ఆ ఏడాది హైస్మన్ ఓటింగులో అతనిది ఐదో స్థానం. గెలిచింది నోటర్ డామ్ క్వార్టర్‌బ్యాక్ పాల్ హోర్నంగ్. ఆ సీజన్‌లో నోటర్ డామ్ రెండు ఆటలు గెలిచి ఎనిమిది ఓడింది. గెలిచినవాటి కంటే ఎక్కువ ఆటలు ఓడిన జట్టు నుంచి హైస్మన్ విజేత రావడం అదొక్కసారే. హోర్నంగ్ మంచి ఆటగాడే, తర్వాత ప్రొఫెషనల్‌గానూ రాణించాడు. అయినా ఓటర్లు ఐదో స్థానానికి తోసింది ఆ దేశం చూసిన అత్యుత్తమ బాల్ క్యారియర్‌ని. అప్పటికి ఒక్క నల్లజాతి ఆటగాడికీ హైస్మన్ రాలేదన్న వాస్తవాన్ని పక్కన పెట్టి ఆ ఫలితాన్ని వివరించడం కష్టం.

ఆ గోడ 1961లో కూలింది. కూల్చినవాడు కూడా సిరక్యూస్ ఆటగాడే, బ్రౌన్ వేసుకున్న 44వ నంబరు జెర్సీయే వేసుకున్న ఎర్నీ డేవిస్. కాలేజీలో బ్రౌన్ పేరు మీదున్న రికార్డులను అతను దాటాడు. 1960 జనవరి 1న డల్లాస్‌లో జరిగిన కాటన్ బౌల్‌లో టెక్సస్ మీద 87 గజాల టచ్‌డౌన్ చేసి, ఆ సీజన్ జాతీయ చాంపియన్ అయిన తన జట్టుని గెలిపించాడు. ఆ రాత్రి విందుకి వెళితే, అవార్డు తీసుకుని వెళ్లిపోవాలి, తర్వాతి వేడుక తెల్లవాళ్లకే అని నల్లజాతి ఆటగాళ్లకు చెప్పారు. హైస్మన్ గెలిచిన తర్వాత క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో జిమ్ బ్రౌన్ పక్కన ఆడాల్సినవాడు. అంతలో లుకేమియా బయటపడింది. ఒక్క ప్రొఫెషనల్ ఆట కూడా ఆడకుండానే 1963 మే నెలలో, 23 ఏళ్ల వయసులో చనిపోయాడు.

దక్షిణాది రాష్ట్రాల పెద్ద యూనివర్సిటీలు మరింత ఆలస్యం చేశాయి. 1970లో బర్మింగ్‌హామ్‌లో సదరన్ కాలిఫోర్నియా తరఫున సామ్ కన్నింగ్‌హామ్ 135 గజాలు పరుగెత్తి అలబామాని 42-21తో ఓడించాకే ఆ రాష్ట్రం కళ్లు తెరిచిందని ఒక కథ బాగా చెలామణీలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, అలబామా అప్పటికే విల్బర్ జాక్సన్ అనే నల్లజాతి ఆటగాడిని జట్టులోకి తీసుకుంది. ఒక్క సాయంత్రంలో మారిందని చెప్పే చరిత్రను కాస్త అనుమానంగానే చూడాలి. అదే కాలంలో మిసిసిపీకి చెందిన వాల్టర్ పేటన్ నల్లజాతి విద్యార్థుల కాలేజీ అయిన జాక్సన్ స్టేట్‌లో ఆడాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో తర్వాత అతనెంత ఎత్తుకు వెళ్లాడో అందరికీ తెలుసు. కాలేజీ గొప్పవాళ్ల జాబితాల్లో మాత్రం అతని పేరు ఎక్కడో చివర ఉంటుంది, ఎందుకంటే ఆ ఆటలు చూసిన ఓటర్లే తక్కువ.

1972లో రెండు మూడు వాక్యాల నిబంధన ఒకటి మారింది. మొదటి ఏడాది విద్యార్థులూ ఆడొచ్చని ఎన్‌సీఏఏ అనుమతించింది. ఆ ఏడాదే ఓహైయో స్టేట్‌లో చేరిన ఆర్చీ గ్రిఫిన్ తన రెండో ఆటలోనే నార్త్ కరోలినా మీద 239 గజాలు పరుగెత్తాడు. 1974, 1975లో వరసగా రెండు హైస్మన్‌లు గెలిచాడు. ఆ ఘనత ఇప్పటికీ ఇంకెవరికీ లేదు. రెగ్యులర్ సీజన్‌లో వరసగా 31 ఆటల్లో వంద గజాలు దాటాడు. విచిత్రమేమిటంటే రెండో హైస్మన్ గెలిచిన సీజన్‌లో అతను చేసిన టచ్‌డౌన్లు నాలుగే. మైదానం మొత్తం గ్రిఫిన్ పరుగెత్తి గోల్ గీత దగ్గరికి తెస్తే, అక్కడి నుంచి భారీ మనిషి పీట్ జాన్సన్ బంతిని లోపలికి తోసేవాడు. కోచ్ వుడీ హేస్ పద్ధతి అది. టచ్‌డౌన్ల కాలమ్ మాత్రమే చూసేవారికి గ్రిఫిన్ మామూలు ఆటగాడిలా కనిపిస్తాడు.

1973లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో అడుగుపెట్టిన టోనీ డార్సెట్ ఆ నాలుగేళ్ల అవకాశాన్ని పూర్తిగా వాడుకున్నాడు. 6,082 గజాలతో ఆరు వేలు దాటిన మొదటివాడయ్యాడు. 1976లో హైస్మన్, ఆ వెంటనే జాతీయ చాంపియన్‌షిప్. బౌల్ ఆటల లెక్క ఇక్కడ మరోసారి అడ్డొస్తుంది. ఆ సీజన్‌లో డార్సెట్‌వి 1,948 గజాలు, షుగర్ బౌల్‌లో జార్జియా మీద మరో 202. మొత్తం 2,150. కానీ రికార్డు పుస్తకం ప్రకారం ఒక సీజన్‌లో రెండు వేలు దాటిన మొదటి ఆటగాడు 1981 నాటి మార్కస్ అలెన్.

1973 నుంచి 1983 వరకు పదకొండేళ్లపాటు హైస్మన్ వరసగా రన్నింగ్ బ్యాక్‌లకే వెళ్లింది. జాన్ కాపెలెట్టి, గ్రిఫిన్ రెండుసార్లు, డార్సెట్, ఎర్ల్ క్యాంప్‌బెల్, బిల్లీ సిమ్స్, చార్లెస్ వైట్, జార్జ్ రోజర్స్, అలెన్, హెర్షెల్ వాకర్, మైక్ రోజియర్. ఇంతమంది ప్రతిభావంతులు ఒకేసారి పుట్టుకురావడం యాదృచ్ఛికం కాదు. ఆ రోజుల్లో బంతి విసరడాన్ని చాలామంది కోచ్‌లు తెగింపుగా చూసేవారు. 1968లో టెక్సస్ ప్రవేశపెట్టిన విష్‌బోన్, సదరన్ కాలిఫోర్నియా వాడిన ఐ-ఫార్మేషన్ లాంటి పద్ధతులన్నీ పరుగు చుట్టూ కట్టినవే. ఆటకి ముప్పై సార్లు ఒకే మనిషి చేతిలో బంతి పెట్టడం మామూలు. అంకెలు పెరిగింది అందుకే, అవార్డులు వచ్చిందీ అందుకే.

ఆ పది మందిలో, ఆ మాటకొస్తే మొత్తం కాలేజీ చరిత్రలో, కెరీర్ చూస్తే హెర్షెల్ వాకర్‌కే పెద్దపీట వేయాలి. జార్జియా రాష్ట్రంలోని రైట్స్‌విల్ అనే చిన్న ఊరి నుంచి వచ్చాడు. దాదాపు వంద కిలోల బరువు, దానికి తోడు జాతీయ స్థాయి స్ప్రింటర్ వేగం. 1980లో మొదటి ఆట టెన్నెసీ మీద. బెంచీ మీద నుంచి దిగిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు గోల్ గీత దగ్గర అడ్డొచ్చిన బిల్ బేట్స్‌ని తప్పించుకోవాలనైనా చూడలేదు, గుద్దుకుని పైనుంచి వెళ్లిపోయాడు. జార్జియా 16-15తో గెలిచింది. ఆ సీజన్‌లో 1,616 గజాలు, హైస్మన్ ఓటింగులో మూడో స్థానం. మొదటి ఏడాది విద్యార్థికి అది ఊహకందని విషయం.

1981 జనవరి 1న న్యూ ఆర్లీన్స్‌లో జాతీయ చాంపియన్‌షిప్ తేల్చే షుగర్ బౌల్, ఎదురుగా నోటర్ డామ్. ఆట రెండో ప్లేలోనే వాకర్ భుజం కీలు తప్పింది. సరిచేయించుకుని మళ్లీ దిగాడు. 36 సార్లు బంతి పట్టాడు, 150 గజాలు, రెండు టచ్‌డౌన్లు. జార్జియా 17-10తో గెలిచి చాంపియన్ అయింది. ఇక్కడే చూడాల్సిన అంకె ఒకటుంది: ఆ రోజు జార్జియా జట్టు మొత్తం సాధించినవి 127 గజాలు. జట్టు మొత్తం కంటే ఒక్క ఆటగాడికి ఎక్కువ ఎలా వచ్చాయి? క్వార్టర్‌బ్యాక్‌ని బంతితో సహా వెనక్కి పడేస్తే కాలేజీ లెక్కల్లో ఆ నష్టాన్ని జట్టు పరుగుల గజాల్లోంచి తీసేస్తారు. విసిరిన బంతులైతే పన్నెండులో ఒకటే చేరింది, అదీ ఏడు గజాలకి. అంటే వాకర్ తెచ్చినదాంట్లో కొంత మిగతావాళ్లు పోగొట్టారు, అయినా ఆట గెలిచారు. ఒక జట్టుని ఒక్కడు మోయడం అంటే ఏమిటో అడిగేవారికి ఈ ఒక్క స్కోరుకార్డు చాలు.

మూడేళ్లలో 5,259 గజాలు, 1982లో హైస్మన్. నాలుగో ఏడాది ఆడకుండా కొత్తగా పెట్టిన యూఎస్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లోకి వెళ్లిపోయాడు. నాలుగో సీజన్ ఆడి ఉంటే డార్సెట్ రికార్డు నిలిచేది కాదన్నది ఊహ అనడం కన్నా కూడిక అనడమే సరి.

1985 హైస్మన్ విజేత, ఆబర్న్‌కి చెందిన బో జాక్సన్‌ని అభిమానులు తరచూ వాకర్ కంటే పైన పెడతారు. శరీర దారుఢ్యంలో జాక్సన్ సాటిలేనివాడు, బేస్‌బాల్‌లోనూ ప్రొఫెషనల్ స్థాయి. 1982లో మొదటి ఏడాది కుర్రాడిగా గోల్ గీత దగ్గర మనుషుల గుట్ట మీదుగా ఎగిరి దూకి అలబామాని 23-22తో ఓడించాడు, తొమ్మిదేళ్ల వరస ఓటములకు ముగింపు పలికాడు. ఆబర్న్ వారికి అది చాలు. అయితే నాలుగేళ్లలో అతను పూర్తి ఫామ్‌లో ఉన్న సీజన్లు తక్కువ, గాయాలు కూడా అడ్డుపడ్డాయి. అద్భుత క్షణాల్లో జాక్సన్, ఏళ్ల తరబడి మోసిన బరువులో వాకర్.

ఒక్క సీజన్ అంటే మాత్రం వాదనకి తావు లేదు.

బ్యారీ శాండర్స్ కాన్సస్‌లోని విచిటా కుర్రాడు. ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. ఓక్లహోమా స్టేట్‌లో మొదటి రెండేళ్లు థర్మన్ థామస్ అనే మరో గొప్ప ఆటగాడి వెనక నిలబడాల్సి వచ్చింది. థామస్ వెళ్లిపోయాక 1988లో అసలు అవకాశం దక్కింది. సీజన్ మొదటి ఆటలో అవతలి జట్టు తన్నిన మొదటి బంతినే అందుకుని వంద గజాలు పరుగెత్తాడు. ఆ తర్వాత పదకొండు ఆటల్లో నాలుగుసార్లు మూడు వందల గజాలు దాటాడు. చాలామంది మంచి ఆటగాళ్లకు కెరీర్ మొత్తంలో ఒక్కసారి కూడా దక్కని అంకె అది. 344 సార్లు బంతి పట్టి 2,628 గజాలు, ఒక్కో పరుగుకి 7.6, ఆటకి 238.9. పరుగుల మీద వచ్చిన టచ్‌డౌన్లు 37.

బలహీనమైన జట్ల మీద పోగేసుకున్నాడనడానికీ లేదు. ఆ సీజన్‌లో ఓక్లహోమా స్టేట్ ఓడింది నెబ్రాస్కాకీ, ఓక్లహోమాకీ, రెండూ అప్పటి పెద్ద జట్లే. వాటి మీద అతనికి వచ్చినవి 189, 215. రెగ్యులర్ సీజన్ చివరి ఆట జపాన్‌లో, టోక్యోలో పెట్టారు. ప్రత్యర్థి టెక్సస్ టెక్. హైస్మన్ వచ్చిందన్న కబురు అక్కడ ఉండగానే అందింది. ఆ ఆటలో 44 సార్లు బంతి పట్టి 332 గజాలు పరుగెత్తాడు. ప్రచారం అంటే ఇబ్బంది పడే మనిషి కావడంతో ఆ అవార్డు హడావిడి కూడా అతనికి పెద్దగా రుచించలేదు. హాలిడే బౌల్‌లో వయోమింగ్ మీద 222 గజాలు, అయిదు టచ్‌డౌన్లు చేశాడు. జట్టు 62-14తో గెలుస్తుంటే నాలుగో క్వార్టర్‌లో బయటే కూర్చున్నాడు. అవీ కలిపితే పన్నెండు ఆటల్లో 2,850 గజాలు, 42 టచ్‌డౌన్లు.

2014లో విస్కాన్సిన్ ఆటగాడు మెల్విన్ గోర్డన్ 2,587 గజాలతో దగ్గరికి వచ్చాడు, 14 ఆటల్లో. 2024లో జెంటీ 2,601, అవీ 14 ఆటల్లోనే. 52 టెస్టులాడిన బ్రాడ్‌మన్‌నీ 200 టెస్టులాడిన సచిన్‌నీ మొత్తం పరుగులతో పోల్చకూడదని మన క్రికెట్ అభిమానులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమెరికాలో ఈ రికార్డు విషయంలో మాత్రం మొత్తం గజాల మీదే ఏళ్లుగా పోలిక నడుస్తోంది. ఆటకి సగటు తీస్తే శాండర్స్ దరిదాపుల్లో ఇటీవలి వాళ్లెవరూ లేరు. కెరీర్ సగటు తీస్తే పైకి వచ్చే పేరు మరొకటి, ఈ తరం వాళ్లు దాదాపు మరిచిపోయినది: కార్నెల్‌కి చెందిన ఎడ్ మారినారో. 1969 నుంచి 1971 వరకు మూడేళ్లలో 27 ఆటలు, 4,715 గజాలు, ఆటకి 174.6. కార్నెల్ ఐవీ లీగ్ కాలేజీ, పోటీ స్థాయి కొంత తక్కువే. ఆ తగ్గింపు వేసుకున్నా 174.6 చిన్న విషయం కాదు.

కెరీర్ మొత్తం రికార్డు చేతులు మారిన తీరు మరీ విడ్డూరం. డార్సెట్ 6,082ని 22 ఏళ్ల తర్వాత, 1998లో టెక్సస్ ఆటగాడు రికీ విలియమ్స్ 6,279తో దాటాడు. ఒక్క ఏడాది తిరగకుండానే విస్కాన్సిన్ భారీకాయుడు రాన్ డేన్ 6,397తో అతన్ని దాటాడు. 2016లో శాన్ డియాగో స్టేట్‌కి చెందిన డానెల్ పంఫ్రీ లాస్ వేగస్ బౌల్‌లో 115 గజాలు పరుగెత్తి 6,405తో డేన్‌ని ఎనిమిది గజాల తేడాతో వెనక్కి నెట్టాడు. డేన్ కూడా నాలుగేళ్లలో బౌల్ ఆటలు ఆడాడు, వాటిలో 728 గజాలున్నాయి. కలిపితే 7,125. బౌల్ ఆటలో వచ్చిన గజాలతో ఒకడు రికార్డు గెలిచాడు, బౌల్ ఆటల్లో వచ్చిన గజాలు లెక్కించకపోవడంతో మరొకడు అదే రికార్డు పోగొట్టుకున్నాడు. పంఫ్రీ తప్పు ఇందులో ఏమీ లేదు. పాత స్కోరుకార్డులు తిరగేసి 2002కి ముందు అంకెలు సరిచేయడం ఎన్‌సీఏఏకి అసాధ్యమైన పనేమీ కాదు. చేయకపోవడం బద్ధకం తప్ప ఇంకేమీ కాదనిపిస్తుంది.

రెజ్జీ బుష్ విషయంలో నిబంధనలు ఇంకోలా తిరగబడ్డాయి. 2005లో సదరన్ కాలిఫోర్నియా తరఫున ఒక్కో పరుగుకి 8.7 గజాల సగటుతో హైస్మన్ గెలిచాడు. అతనూ కుటుంబమూ నిబంధనలకు విరుద్ధంగా ప్రయోజనాలు పొందారని తేలడంతో 2010లో ట్రోఫీ వదులుకోవాల్సి వచ్చింది. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద చట్టబద్ధంగా సంపాదించుకోవచ్చని నియమం వచ్చింది. 2024లో ట్రోఫీ తిరిగి ఇచ్చేశారు. అతని పరుగులు ఈ పందొమ్మిదేళ్లలో ఏమీ మారలేదు.

2000 తర్వాత హైస్మన్ గెలిచిన రన్నింగ్ బ్యాక్‌లు బుష్, 2009లో మార్క్ ఇంగ్రమ్, 2015లో డెరిక్ హెన్రీ. జెంటీ రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. పదకొండేళ్లు వరసగా వచ్చిన అవార్డు పాతికేళ్లలో ముగ్గురికి పరిమితం కావడానికి కుర్రాళ్లలో సత్తా తగ్గడం కారణం కాదు. మైదానం వెడల్పంతా ఆటగాళ్లను పరిచే స్ప్రెడ్ పద్ధతి వచ్చాక బంతి విసరడమే అసలు ఆయుధమైంది, పరుగెత్తే పనిలో క్వార్టర్‌బ్యాక్ కూడా వాటా తీసుకుంటున్నాడు. దెబ్బలు తగలకుండా ఇద్దరు ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌లని మార్చి మార్చి వాడటం మామూలైపోయింది. 2015లో హెన్రీతో అలబామా 395 సార్లు పరుగెత్తించడం ఈ కాలంలో మినహాయింపు.

2024 నుంచి ప్లేఆఫ్‌లోకి పన్నెండు జట్లను తీసుకుంటున్నారు. ఫైనల్ దాకా వెళ్లే జట్టుకి పదహారు ఆటలు, ఒక్కోసారి పదిహేడు. పదహారు ఆటల్లో శాండర్స్ 2,628ని దాటాలంటే ఆటకి 165 గజాలు చాలు, అతని సగటు కంటే 70 గజాలకు పైగా తక్కువ. కాబట్టి కాగితం మీద ఆ రికార్డు ఎప్పుడైనా పోవచ్చు. అయితే పన్నెండు జట్ల ప్లేఆఫ్ పెట్టిన తొలి సీజన్‌లో పదహారు ఆటలూ ఆడి చాంపియన్ అయిన ఓహైయో స్టేట్‌ని చూస్తే, క్విన్షాన్ జడ్కిన్స్, ట్రెవియాన్ హెండర్సన్ అనే ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు ఆ పని పంచుకున్నారు. ఇద్దరికీ చెరో వెయ్యి గజాల పైచిలుకు వచ్చాయి.